ఎర్ర సిరా చెప్పలేని మాట

(సొసైటీ వార్షిక సభలో విద్యా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



విద్యా విభాగం తరఫున మేము ప్రతి ఏడాదీ ఏం చెబుతామో మీకు తెలిసిందే. ఎందరికి ఫీజు కట్టాము, ఎందరికి పుస్తకాలు కొనిచ్చాము, ఎవరికి మంచి మార్కులు వచ్చాయి. ఆ లెక్కలన్నీ ఆడిట్ రిపోర్టుతో పాటు అచ్చయి మీ చేతికి వస్తాయి. ఇంటికి వెళ్లి తీరిగ్గా చూసుకోవచ్చు. ఈ రోజు మాకిచ్చిన సమయాన్ని ఒక్క పని గురించి చెప్పడానికే వాడుకుంటాము. డిగ్రీ చదివే మన పిల్లలు రాసిన జవాబులు చదివి, ఎక్కడ తప్పు, ఎందుకు తప్పు, ఎలా సరిచేసుకోవాలి అన్నది ఫోన్లో మాట్లాడి, రికార్డు చేసి పంపే పని. విశ్వవిద్యాలయాల్లో దీన్ని ఆడియో ఫీడ్‌బ్యాక్ అంటారు. మన పిల్లలు మాత్రం "సార్ వాయిస్ వచ్చిందా?" అని అడుగుతారు. ఆ మాటే బాగుంది.

ఇది కాలేజీలు చేయాల్సిన పని కదా, మనకెందుకు అని కమిటీలో ఒకరిద్దరు పెద్దలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అధ్యాపకులు శ్రద్ధ లేనివాళ్లని మేము అనడం లేదు. ఒక్కొక్కరికి నాలుగైదు సెక్షన్లు, సెక్షను నిండా పిల్లలు, పైగా చాలాచోట్ల గెస్టు లెక్చరర్లు. ఇంటర్నల్ పరీక్ష పేపరు మీద నాలుగు టిక్కులు, నాలుగు ఇంటూలు పెట్టి మార్కు వేయడానికే వాళ్లకు సమయం చాలదు. ఇక సెమిస్టరు పరీక్షల పేపరైతే, ప్రత్యేకంగా డబ్బు కట్టి అడిగితే తప్ప పిల్లల కంటనే పడదు. అంటే మూడు నాలుగేళ్ల డిగ్రీలో, తాను రాసిన ఒక్క పేజీనైనా ఒక పెద్దమనిషి పూర్తిగా చదివి, ఇదిగో ఇక్కడ ఇలా పొరపడ్డావు అని చెప్పిన అనుభవం లేకుండానే పిల్ల బయటికి రావచ్చు. చదువుకున్న కుటుంబాల్లో ఆ పని అన్నో, పిన్నో, పక్కింటి మాస్టారో చేస్తారు. మన ఇళ్లల్లో చాలాచోట్ల డిగ్రీ గుమ్మం తొక్కిన మొదటి మనిషి ఆ పిల్లే. ఆమె పేపరు ఇంట్లో ఎవరికి చూపించాలి?

1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు మన రాయలసీమలో, కర్నూలులో ఉస్మానియా కళాశాల స్థాపించినప్పుడు సమస్య వేరు. పిల్లలు వెళ్లి చదవడానికి కాలేజీ కావాలి. దాతలు అప్పుడు దానికిచ్చారు. ఆయన పేరుతోనే ఇప్పుడు అదే ఊళ్లో ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. ఈ రోజు ఊరూరా డిగ్రీ కాలేజీలు ఉన్నాయి. 2007 చట్టంతో మనలో వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ వచ్చింది, తరువాత ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చింది. లోపలికి వెళ్లడం కొంత సులువైంది. లోపలికి వెళ్లినవాళ్లు నిలబడి, పైచదువులదాకా వెళ్లడం మాత్రం ఇంకా సులువు కాలేదు. 2006లో సచార్ కమిటీ చెప్పిన లెక్క గుర్తుచేస్తాము. దేశంలోని పేరున్న కళాశాలల్లో డిగ్రీ చదివేవాళ్లలో 25 మందికి ఒకరు, పీజీలో 50 మందికి ఒకరు మాత్రమే ముస్లింలు. 2011 జనగణన ప్రకారం జనాభాలో మనం 14.2 శాతం. డిగ్రీ నుంచి పీజీకి వెళ్లేసరికి ఆ కొద్దిమందిలో కూడా సగం రాలిపోయినట్టు కనిపిస్తోంది. ఆ లెక్క వేసి చాలా ఏళ్లయింది, అయినా మన కళ్లముందు జరిగేది దానికి మరీ భిన్నంగా ఏమీ లేదు.

మన సాయం పొందుతూ చదువు మధ్యలో ఆపేసిన పిల్లల ఇళ్లకు మేము వెళ్లాము. ఫీజు మనం కట్టాము కాబట్టి డబ్బు ఒక్కటే కారణం కాదు. వాళ్లు చెప్పిన కథ ఇంచుమించు ఒకటే. మొదటి సెమిస్టరులో రెండు సబ్జెక్టులు పోయాయి. సప్లిమెంటరీ రాస్తే ఒకటి వచ్చింది, ఒకటి మళ్లీ పోయింది. రెండో సెమిస్టరులో ఇంకొన్ని చేరాయి. ఏం తప్పు రాశామో తెలియదు కాబట్టి మళ్లీ అదే రాశారు. ఇంటర్ దాకా తెలుగులోనో ఉర్దూలోనో చదివిన పిల్లలు వీళ్లు. 2021-22 విద్యాసంవత్సరం నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియం అయ్యాయి. అది మంచిదా కాదా అన్నది ఈ సభలో తేల్చే విషయం కాదు. పిల్లలు మాత్రం ఇంగ్లీషులోనే రాయాలి, దిద్దేవారు ఇంగ్లీషులోనే రెండు ముక్కలు రాస్తారు, ఆ రెండు ముక్కలు ఈ పిల్లలకు అర్థం కావు.

ఒక ఉదాహరణ చెబుతాము. బి.కాం. మొదటి సంవత్సరం కుర్రాడు. పది వేల రూపాయలకు నగదు ఇచ్చి ఫర్నిచర్ కొన్నారు, చిట్టా పద్దు రాయమన్నారు. వీడు కొనుగోళ్ల ఖాతాను డెబిట్ చేశాడు. కొన్నారు కాబట్టి కొనుగోలు, వాడి లెక్క అది. పేపరు మీద ఎర్ర సిరాతో ఇంటూ, పక్కన ఇంగ్లీషులో "కాన్సెప్ట్ తప్పు" అని ఉంది. కాన్సెప్ట్ తప్పని తెలిసింది, ఏ కాన్సెప్టో తెలియలేదు. అదే పేపరు మన దగ్గర దిద్దే రిటైర్డు కామర్సు లెక్చరర్ గారి దగ్గరికి వచ్చింది. ఆయన పంపిన వాయిస్‌లో ఉన్నది ఇంతే: "బేటా, మీ అబ్బాది కిరాణా కొట్టు కదా. పప్పు, చక్కెర బస్తాలు తెచ్చాడు, అమ్మడానికి. అది కొనుగోళ్ల ఖాతా. సామాను పెట్టుకోవడానికి ఒక ర్యాకు కొన్నాడు. దాన్ని అమ్ముతాడా? వాడుకుంటాడు. అది ఫర్నిచర్ ఖాతా. ఇప్పుడు నువ్వు నాకు చెప్పు, మీ వీధి చివర బీరువాలమ్మే షాపాయన బీరువా కొనితెస్తే ఏ ఖాతా?" నిమిషం కూడా పట్టలేదు. ఆ చివరి ప్రశ్నకు కుర్రాడు తిరిగి పంపిన జవాబు సరైనదే. ఆయనకైతే బీరువా సరుకు కాబట్టి కొనుగోళ్ల ఖాతా అన్నాడు. అప్పుడు కదా అర్థమైనట్టు.

ఇంకొకటి ఎకనామిక్స్‌ది. డిమాండ్ అంటే కోరిక అని ఒక అమ్మాయి రాసింది. దిద్దిన ఆపా వాయిస్‌లో ఇలా చెప్పింది. రంజాన్ నెలలో ఇఫ్తార్ తరువాత బజారుకు వెళ్లి, అద్దం వెనుక వేలాడదీసిన ఖరీదైన షరారా చూసి ముచ్చటపడి వచ్చేస్తాం, అది డిమాండ్ కాదు. పర్సులో అంత డబ్బు ఉండాలి, ఆ ధరకు ఇవ్వడానికి మనసొప్పాలి, అప్పుడే అది డిమాండ్. కోరిక, కొనే శక్తి, కొనే సంసిద్ధత మూడూ రాయి, లేకపోతే సగం మార్కులు పోతాయి. ఈ మూడు మాటలను ఇంగ్లీషులో ఎలా రాయాలో కూడా ఆమె అక్కడే చదివి వినిపించింది.

ఇక్కడ మేము గమనించిన ఒక సంగతి ఉంది, మా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. కాగితం మీద దిద్దేవారు ఏదో ఒక లిపి ఎంచుకోవాలి. తెలుగులో రాస్తే ఉర్దూ మీడియం పిల్లకు ఇబ్బంది, ఉర్దూలో రాస్తే తెలుగు మీడియం వాడికి ఇబ్బంది, ఇంగ్లీషులో రాస్తే ఇద్దరికీ ఇబ్బంది. నోటికి ఆ బెడద లేదు. మన ఇళ్లల్లో ఎలా మాట్లాడుకుంటామో అలాగే, సగం ఉర్దూ, సగం తెలుగు, సబ్జెక్టు పదాలు ఇంగ్లీషులో కలిపి చెప్పవచ్చు. పరీక్షలో రాయాల్సిన భాష వేరు, అర్థం చేసుకునే భాష వేరు. ఆ రెండిటి మధ్య దారి వేయడానికి గొంతు కాగితం కంటే బాగా పనికొస్తోంది.

నిజానికి ఇది మనకు కొత్త పద్ధతి కాదు. మన మదరసాల్లో హిఫ్జ్ చేసే పిల్లవాడు ప్రతి ఉదయం ఉస్తాద్ ముందు కూర్చుని సబఖ్ వినిపిస్తాడు. గొంతు లోపలి నుంచి రావాల్సిన ఖాఫ్‌ను మామూలు కాఫ్‌లా పలికితే ఉస్తాద్ అక్కడే ఆపుతాడు, తాను పలికి వినిపిస్తాడు, మళ్లీ పలికిస్తాడు. తజ్వీద్ తప్పులను చీటీ మీద రాసిచ్చి ఎవరినీ హాఫిజ్‌ను చేయలేం. పూర్వం హదీసు విద్యలోనూ గురువు ముందు చదివి వినిపించడం, గురువు నోట వినడం ప్రధానం. ఫలానావారి దగ్గర విన్నామని గ్రంథాల మీద రాసుకునేవారు కూడా.

బుఖారీ, ముస్లిం రెండు సంకలనాల్లోనూ ఉన్న ఒక సంఘటన మీలో చాలామంది జుమా ప్రసంగాల్లో విన్నదే. ఒక వ్యక్తి మస్జిదులోకి వచ్చి హడావుడిగా నమాజు చేసి, దైవప్రవక్త (సఅసం) దగ్గరికి వచ్చి సలాం చేస్తాడు. ఆయన ఆ నమాజు నమాజు కాలేదని, మళ్లీ చేయమని పంపుతారు. ఇలా మూడుసార్లు. చివరికి ఆ వ్యక్తి తనకు ఇంతకంటే బాగా రాదని, నేర్పమని వేడుకుంటాడు. అప్పుడు ఆయన నిలబడటం నుంచి రుకూ, రుకూ నుంచి లేవడం, సజ్దా దాకా ఒక్కొక్కటీ ఎంత నిదానంగా చేయాలో విడమరిచి చెబుతారు. ఈ సంఘటన నుంచి ఉలమాలు ఫిఖ్ విషయాలెన్నో తీశారు. అవి మా స్థాయివి కావు. బోధించేవాళ్లుగా మాకు కనిపించేది ఒకటి. తప్పని చెప్పడంతో విషయం అయిపోలేదు, ఎలా చేయాలో చెప్పడంతో పూర్తయింది. పేపరు మీది ఇంటూ మొదటి సగమే.

ఇప్పుడు పని ఎలా జరుగుతోందో చెబుతాము, డబ్బిచ్చేవాళ్లు అడగాల్సిన ప్రశ్న అది. విద్యార్థి పాత ప్రశ్నపత్రం నుంచి రెండు ప్రశ్నలకు చేత్తో జవాబు రాసి, ఫొటో తీసి పంపాలి. లేదా ఆదివారం ఆఫీసులో ఇవ్వాలి. దిద్దేవారు ముందు చదివి, మార్జిన్లో పెన్సిలుతో 1, 2, 3 అని అంకెలు మాత్రం వేస్తారు. తరువాత ఆ అంకెల వరసలో మాట్లాడతారు. "రెండో అంకె దగ్గర చూడు" అంటే పిల్లకు ఎక్కడ చూడాలో తెలుస్తుంది. ఈ అంకెలు లేకపోతే వాయిస్ గాలిలో మాటే అవుతుంది. రికార్డింగు మూడు నిమిషాలు దాటకూడదు. బాగున్నదేదో కచ్చితంగా చెప్పాలి, ఊరికే శభాష్ అంటే పనికిరాదు. పెద్ద తప్పులు రెండు చాలు. పది తప్పులు ఒకేసారి చెబితే ఎవరూ ఒక్కటీ సరిచేసుకోరు. చివర, వచ్చేవారానికి ఏం తిరగరాసి పంపాలో చెప్పాలి. పిల్ల ఆ వాయిస్ విని, తనకేం అర్థమైందో అరనిమిషంలో తన గొంతుతో తిరిగి చెప్పాలి. ఆ తిరుగు వాయిస్ రానిదే కొత్త పేపరు తీసుకోము. ఈ ఒక్క నియమం మీద మేము గట్టిగా ఉన్నాము. విని ఊరుకుంటే అది ప్రసంగం విన్నట్టే, ఇప్పుడు మీరు మా ప్రసంగం వింటున్నట్టు.

ఖర్చు విషయానికొస్తే, మూడు నిమిషాల వాట్సాప్ వాయిస్ ఒక ఎంబీ డేటా కూడా తినదు. రోజువారీ డేటా సాయంత్రానికే అయిపోయే పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. వీడియో వద్దని మేము మొదటే అనుకోవడానికి కారణం ఇదే. అర్థం కాకపోతే వెనక్కి జరిపి నాలుగుసార్లు వినవచ్చు. క్లాసులో లేచి "సార్, మళ్లీ చెప్పండి" అని నాలుగుసార్లు అడిగే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

బయటి దేశాల్లో దీని మీద పరిశోధన చాలానే జరిగింది. క్యాసెట్ల కాలంలోనే, 1980లలో, బ్రిటన్‌లో విద్యార్థుల వ్యాసాలపై అభిప్రాయాలను టేపు మీద రికార్డు చేసి ఇచ్చి చూశారు. 2007లో ఫిలిప్ ఐస్, ఆయన సహచరులు అమెరికాలో ఆన్‌లైన్ కోర్సుల్లో చేసిన అధ్యయనంలో, రాసి ఇచ్చిన వ్యాఖ్యల కంటే వినిపించిన వ్యాఖ్యల్లోని విషయాన్ని విద్యార్థులు తమ ప్రాజెక్టుల్లో సుమారు మూడు రెట్లు ఎక్కువగా వాడుకున్నట్టు తేలింది. తమ గురించి టీచరు పట్టించుకుంటున్నారన్న భావన కూడా వాళ్లలో పెరిగింది. 2008లో లీడ్స్ మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయంలో బాబ్ రాథరమ్ నాయకత్వంలో ఒక ప్రాజెక్టు నడిచింది. విద్యార్థులు చాలావరకు ఇష్టపడ్డారు. అయితే అధ్యాపకుల సమయం కలిసివస్తుందా అన్నదానికి వచ్చిన జవాబు "అందరికీ కాదు" అని. నెమ్మదిగా రాసి వేగంగా మాట్లాడేవారికి, ఫోనూ కంప్యూటరూ చేతికి అలవాటైనవారికి, ఎక్కువ వివరంగా చెప్పాలనుకునేవారికి కలిసివచ్చింది. మిగతావారికి లేదు. మాకు కనిపించిందీ అంతే. రికార్డు చేసే ముందు పేపరు చదవాల్సిందే, ఆ సమయం ఎవరికీ తగ్గదు.

ఇంకో అధ్యయనం కూడా చెప్పాలి, మనకు నచ్చినవే చెప్పడం ధర్మం కాదు. బ్రిటన్‌లోనే సెసీల్ మోరిస్, గ్లాడ్‌సన్ చిక్వా 2016లో ప్రచురించిన పరిశోధనలో, ఆడియో విన్నవారికీ రాసిన వ్యాఖ్యలు చదివినవారికీ తరువాతి మార్కుల్లో తేడా రాలేదు. పైగా ఆడియో బాగుందన్న విద్యార్థులే, ఇకముందు ఏది కావాలంటే రాతే కావాలన్నారు. రాత ముందుంటే కంటితో చప్పున వెతుక్కోవచ్చు కదా. మనం ఈ ఫలితాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ ఆ విద్యార్థులు చదివిందీ, రాసిందీ, వ్యాఖ్యలు అందుకున్నదీ ఇంగ్లీషు ఒక్కదానిలోనే. మన పిల్లల చిక్కు అసలు అక్కడే ఉందని ముందే చెప్పాము. అందుకే మేము వాయిస్‌తో పాటు, సరైన ఇంగ్లీషు వాక్యాలు రెండు మూడు టైపు చేసి పంపుతున్నాము. ఈ ఏడాది ఇన్ని శాతం మార్కులు పెరిగాయని మాత్రం మేము మీకు చెప్పబోవడం లేదు. ఈ పిల్లలే ఆదివారం తరగతులకూ వస్తున్నారు, ఏది దేనివల్ల వచ్చిందో విడదీయడం నిజాయితీగా సాధ్యం కాదు.

ఇక ఆడపిల్లల సంగతి. ఎక్కువ చర్చ జరిగింది దీని మీదే, జరగడం మంచిదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న మహిళలు 54 శాతం. మన అమ్మాయిల్లో చాలామంది ఫోను ఇంటి ఫోను. పగలు అది నాన్నతో పాటు షెడ్డుకో, బండికో పోతుంది, ఇషా తరువాత ఇంటికి వస్తుంది. వాయిస్ వింటే ఇల్లంతా వింటుంది. అందుకని అమ్మాయిల పేపర్లు మహిళలే దిద్దాలని, వాయిస్ సొసైటీ నంబరు నుంచే వెళ్లాలని, దిద్దేవారి సొంత నంబరు ఎవరికీ ఇవ్వకూడదని నిర్ణయించాము. గ్రూపులో ఎవరి వాయిసూ పెట్టము. ఇంట్లో వినడం ఇష్టం లేని పిల్లలు ఆదివారం ఆఫీసు గదిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినవచ్చు.

ఇల్లంతా వినడం ఇబ్బందే అనుకున్నాము. కానీ దానికి మేము ఊహించని ఒక ఫలితమూ ఉంది. బి.యస్సీ. రెండో సంవత్సరం అమ్మాయి, తండ్రి లారీ మెకానిక్. రెండు బ్యాక్‌లాగులు పడ్డాక ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. చదువు రావడం లేదు కదా, ఇంకెందుకన్నది వాళ్ల మాట. ఆ పిల్లకు వెళ్లిన వాయిస్‌ను తండ్రే ముందు విన్నాడు, ఫోను ఆయన చేతిలోనే ఉంది కాబట్టి. మొదటి ప్రశ్న జవాబు ఎందుకు బాగుందో, మూడో ప్రశ్నలో ఒక్క మెట్టు ఎక్కడ జారిందో అందులో ఉంది. ఆయనకు సబ్జెక్టు అర్థం కాలేదు. కూతురికి చదువు రావడం లేదన్నది నిజం కాదని మాత్రం అర్థమైంది. తరువాతి వారం చేతులకు గ్రీజుతోనే ఆఫీసుకు వచ్చి, మూడో ప్రశ్న మళ్లీ రాసి పంపింది, ఇప్పుడు సరిగ్గా ఉందా అని అడిగాడు. ఆ అమ్మాయి చదువుతోంది. ఒక బ్యాక్‌లాగు ఇంకా ఉంది.

గొంతుకు ఉన్న బలమే దాని ప్రమాదం కూడా. కాగితం మీద "నిర్లక్ష్యం" అని రాస్తే ఒకసారి కళ్లు తడుస్తాయి. విసుగుతో అన్న మాట రికార్డయితే ఆ పిల్ల దాన్ని పదిసార్లు వింటుంది, అమ్మీ వింటుంది, తమ్ముడు విని ఎగతాళి చేస్తాడు. క్లూగర్, డెనీసీ అనే ఇద్దరు పరిశోధకులు 1996లో అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కూర్చి చూస్తే, ఫీడ్‌బ్యాక్ ఇచ్చిన సందర్భాల్లో మూడో వంతుకు పైగా పనితీరు మెరుగవడానికి బదులు తగ్గింది. దృష్టి పని మీద నుంచి మనిషి మీదికి మళ్లినప్పుడు నష్టం ఎక్కువని వాళ్ల వివరణ. ఇతరుల లోపాన్ని కప్పి ఉంచమని నేర్పిన ధర్మం మనది. పేపరులోని తప్పు చెప్పాలి, పిల్ల మీద తీర్పు చెప్పకూడదు. ఇంకొకరితో పోల్చకూడదు. దిద్దేవారికి మేము పెట్టిన షరతు ఒకటే: ఈ వాయిస్ ఆ పిల్ల తండ్రి ముందు కూర్చుని చెప్పగలిగేలా ఉండాలి. కోపంగా ఉన్న రోజు, అలసిపోయిన రాత్రి రికార్డు చేయవద్దు. రేపు చేయండి, కొంపలేమీ మునిగిపోవు.

అన్నిటికీ ఇది పనికిరాదు. కెమిస్ట్రీలో బొమ్మలు, గణితంలో మెట్లు గొంతుతో దిద్దడం పెద్ద తలనొప్పి. వాటిని కాగితం మీద పెన్నుతోనే దిద్దాలి. వినికిడి సమస్య ఉన్న విద్యార్థికి రాసే ఇవ్వాలి, చూపు సమస్య ఉన్నవారికి వాయిస్ వరమే. వ్యాసాలు, నిర్వచనాలు, అకౌంట్స్, ఇంగ్లీషు పేరాలు, సెమినార్ పేపర్లు, ప్రాజెక్టు రిపోర్టులు, వీటికి మాత్రం దీన్ని మించింది మాకు కనిపించలేదు.

ఇక డబ్బు. జకాత్ సొమ్ము దీనికి వాడుతున్నారా అని ఇద్దరు దాతలు ఫోను చేసి అడిగారు. వాడటం లేదు. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖ్ ప్రకారం జకాత్ అర్హుడైన పేదవాడి సొంతం కావాలి, దాన్నే తమ్లీక్ అంటారు. దిద్దేవారికిచ్చే గౌరవవేతనం ఆ కిందికి రాదు. అందుకని జకాత్ నుంచి అర్హులైన పిల్లలకు ఫీజు, పుస్తకాలు మాత్రమే. దిద్దేవారి వేతనం, ఫోన్లు, ఇయర్‌ఫోన్లు, ఆదివారం గది అద్దె లిల్లాహ్ నిధి నుంచి, సాధారణ విరాళాల నుంచి. రెండింటి ఖాతాలు వేరు, రసీదు పుస్తకాలు వేరు. జకాత్ నిధి రంజాన్‌లో నిండుతుంది, లిల్లాహ్ నిధి ఏడాదంతా వెలితిగానే ఉంటుంది. ఫీజు కట్టామంటే ఒక పిల్లను చదివించామన్న తృప్తి దాతకు కళ్లకు కడుతుంది. ఒక పేపరు దిద్దించామంటే కట్టదు. అది మాకు తెలుసు. అయినా ఆ ఫీజు వృథా పోకుండా కాపాడేది ఈ పేపరే కాబట్టి రెండో నిధిని కూడా గుర్తుంచుకోమని అడుగుతున్నాము. పెళ్లయి ఇంటి పట్టున ఉన్న పీజీ చదివిన మన ఆడపడుచులు పేపరుకు ఇంత అని తీసుకుని దిద్దుతున్నారు. వాళ్లకూ అది ఒక ఆధారం అవుతోంది.

డబ్బు కాక ఇంకొకటి కూడా అడగాలి. కడప, అన్నమయ్య జిల్లాల నుంచి కువైట్ వెళ్లిన మనవాళ్లు ఈ సొసైటీకి ఎంత ఇస్తున్నారో మీకు తెలుసు. వాళ్లలో అకౌంట్స్ పని చేసే ఒక సోదరుడు శుక్రవారం సెలవు నాడు రెండు పేపర్లు దిద్ది పంపుతున్నాడు. అక్కడ జుమా నమాజు ముగించుకుని రికార్డు చేస్తే, ఇక్కడ రెండున్నర గంటలు ముందున్నాం కాబట్టి, పిల్లవాడు మగ్రిబ్ తరువాత కూర్చుని వింటాడు. బ్యాలెన్స్ షీటు నిజంగా ఆఫీసులో ఎలా తయారవుతుందో ఏ గైడులోనూ లేని నాలుగు మాటలు అందులో ఉంటాయి. ఈ సభలోనే ఫార్మసిస్టులు, బ్యాంకు ఉద్యోగులు, ఇంజనీర్లు, రిటైర్డు హెడ్మాస్టర్లు ఉన్నారు. వారానికి రెండు పేపర్లు, అరగంట. రసీదు ఇవ్వలేం, వాయిస్ తిరిగి వస్తుంది, అంతే.

ఈ సెమిస్టరు పేపర్లు వచ్చే ఆదివారం నుంచి మొదలవుతాయి. కామర్సు, ఎకనామిక్స్, ఇంగ్లీషు దిద్దడానికి మనుషులు తక్కువగా ఉన్నారు. ఇంగ్లీషుకైతే మహిళలు మరీ అవసరం. ద్వారం పక్కన బల్ల దగ్గర ఒక రిజిస్టరు, పేర్లు తీసేసిన పాత పేపర్ల కట్ట ఒకటి ఉన్నాయి. అసర్ నమాజుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. ఒక పేపరు తీసి చదివి చూడండి. దిద్దగలం అనిపిస్తే పేరు, సబ్జెక్టు, ఏ భాషలు మాట్లాడతారో రాసి వెళ్లండి.